చేతులెత్తి ఆడే చుక్కలూ గీతలూ

ఆగస్టు పన్నెండో తేదీ. పొద్దు వాలుతోంది. జపాన్‌లో షికోకు దీవికి తూర్పు కొసన ఉన్న తోకుషిమా పట్టణంలో బళ్లన్నీ ఆగిపోతాయి. అప్పటిదాకా కార్లు తిరిగిన రోడ్ల మీదికి డప్పులొస్తాయి, వేణువులొస్తాయి, మూడు తీగల షామిసెన్ వాద్యాలొస్తాయి. వాటి ముందు వరసలు వరసలుగా మనుషులు. రెండు చేతులూ తలకంటే పైకెత్తి, కుడి చెయ్యీ కుడి కాలూ ఒకేసారి, ఎడమ చెయ్యీ ఎడమ కాలూ ఒకేసారి ముందుకేస్తూ, రెండు దెబ్బల తాళానికి ఊగుతూ వస్తారు. పదిహేనో తేదీ రాత్రి దాకా ఊరు ఊరంతా ఇదే పని. దీని పేరు 'అవా ఒదోరి'. అవా అంటే ఆ ప్రాంతానికి పాత పేరు. ఒదోరి అంటే ఆట, చిందు.

సరిగ్గా అదే సమయానికి, అక్కడికి ఐదొందల కిలోమీటర్లకు పైగా దూరంలో, టోక్యోలో ఓ లోకల్ రైలు. కాలు పెట్టడానికి చోటు లేదు. అయినా చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. ఎవరూ ఫోన్లో మాట్లాడరు. అందులో ఓ కుర్రాడున్నాడనుకుందాం. తోకుషిమావాడే. ఉద్యోగం కోసం వచ్చాడు. సెలవు దొరక్క ఈసారి పండక్కి ఊరెళ్లలేకపోయాడు. జేబులో ఫోన్ సన్నగా వణికింది. అమ్మ దగ్గర్నుంచి కబురు. 'ఇక్కడ మొదలైంది' అని రెండు ముక్కలు. పక్కన ఇదిగో, ఇది...

┏(^_^)┛

ఒక చెయ్యి కిందికి, ఒక చెయ్యి పైకి. మధ్యలో నవ్వుతున్న ముఖం. బొమ్మ కాదు, ఫొటో కాదు. కీబోర్డు మీద దొరికే గుర్తులే. బ్రాకెట్లు రెండూ బుగ్గలు, టోపీల్లాంటి గుర్తులు కళ్లు, అడ్డగీత నోరు. జపాన్‌వాళ్లు వీటిని 'కావోమోజి' అంటారు. కావో అంటే ముఖం, మోజి అంటే అక్షరం. వాటిల్లో ఏడ్చేవున్నాయి, అలిగేవున్నాయి, టీ తాగేవీ, బల్లలు ఎత్తి విసిరేసేవీ ఉన్నాయి. ఆడేవాటిది మాత్రం ఓ ప్రత్యేకమైన కథ. ఆ కథకు ఒక కొస టోక్యో రైల్లో ఉంటే రెండో కొస తోకుషిమా లాంటి ఊళ్లలో ఉంది.

నిలబడితేనే ఆట

కంప్యూటర్లో నవ్వు ముఖం పెట్టడం జపాన్‌లో పుట్టిందేం కాదు. 1982 సెప్టెంబరు 19న అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఓ సలహా ఇచ్చాడు. సరదాగా రాసిన మాటను ఎవరైనా నిజమనుకుని గొడవపడకుండా దాని చివర :-) అని పెట్టమన్నాడు. చూడాలంటే తల ఎడమ భుజం మీదికి వాల్చాలి. ప్రపంచమంతా తల వాల్చి చూసింది, బాగుందనుకుంది.

నాలుగేళ్ల తర్వాత, 1986 జూన్ 20న, జపాన్‌లో ఆస్కీ నెట్ అనే కంప్యూటర్ నెట్‌వర్కులో వాకబయాషి యాసుషి అనే ఆయన తన పేరు పక్కన (^_^) అని పెట్టుకున్నాడు. జపాన్ ముఖాక్షరాలకు ఇదే మొదలని చెబుతారు. తేడా చూశారా? ఇది నిలబడే ఉంది. తల వాల్చక్కర్లేదు.

చిన్న తేడాలాగే కనిపిస్తుంది. కానీ నాట్యం మొత్తం దాంట్లోనే ఉంది. రాత సాగేది అడ్డంగా. అమెరికా నవ్వు అడ్డంగా పడుకున్న ముఖం. దాని నుదురూ గడ్డమూ రాసే వరుసలో ఉంటాయి. చెవులు వరుసకు పైనా కిందా ఉంటాయి. దానికి చేతులు పెట్టాలంటే పై వరుసలో ఒకటి, కింది వరుసలో ఒకటి పెట్టాలి. అయ్యే పని కాదు. నిలబడ్డ ముఖానికి ఆ ఇబ్బంది లేదు. ఎడమ పక్క ఓ గీత, కుడి పక్క ఓ గీత పెడితే చాలు, చేతులొచ్చేస్తాయి. \(^_^)/ అంటే రెండు చేతులూ ఎత్తేసి 'హమ్మయ్య' అన్నట్టు. ఇంకొకటి పక్కన పెడితే జంట. నాలుగు పెడితే గుంపు. వరుస ఎంత పొడుగుంటే అంత ఊరేగింపు!

ఇందులోనూ ఓ చిక్కొచ్చింది. జపాన్ కంప్యూటర్లలో ఎడమ చేతికి వాడే ఆ వెనక్కి వాలిన గీత స్థానంలో వాళ్ల డబ్బు యెన్ గుర్తును పెట్టుకున్నారు. దాంతో చాలా తెరల మీద ఆడే మనిషి ఎడమ చేత్తో డబ్బు పట్టుకున్నట్టు కనిపించేవాడు. దీనికి విరుగుడుగా అక్షరమంత వెడల్పుండే వేరే వాలు గీతను వాడటం మొదలుపెట్టారు.

లెక్కల పుస్తకంలోంచి...

మరి ఆ మడత చేతులెక్కడివి? అమ్మ పంపిన బొమ్మలో మోచేయి వంచినట్టున్న ఆ గీతలు? అవి ఆఫీసు పట్టికల మూలలు!

జపాన్ రాత యంత్రాలకు ఎక్కడం తేలిక కాదు. ఇంగ్లిష్‌కు ఇరవయ్యారు అక్షరాలైతే చాలు. జపనీయులకు రెండు రకాల అక్షరమాలలు, వాటిమీద వేలకొద్దీ చైనా లిపి చిహ్నాలు కావాలి. 1978లో వాళ్ల ప్రమాణాల సంస్థ అన్నిటికీ నంబర్లిచ్చి ఓ పెద్ద జాబితా తయారుచేసింది. ఆరు వేల పైచిలుకు చిహ్నాలతో పాటు గ్రీకు అక్షరాలు, రష్యన్ అక్షరాలు, లెక్కల గుర్తులు కూడా అందులో చేర్చింది. 1983లో దాన్ని సవరించినప్పుడు ముప్ఫయి రెండు గీతల ముక్కలు కలిపారు. నిలువు గీత, అడ్డ గీత, నాలుగు వైపుల మూలలు, కూడళ్లు. గుమాస్తాలు పట్టికలు గీసుకోవడానికన్నమాట.

గుమాస్తాలు వాటితో ఎన్ని పట్టికలు గీశారో గానీ, కుర్రకారు మాత్రం ఆ మూలల్ని ముఖానికి అటూ ఇటూ తగిలించి చూసింది. కింది ఎడమ మూల ఎత్తిన చెయ్యి అయింది. పై ఎడమ మూల దించిన చెయ్యి అయింది. గ్రీకు ఒమేగా పిల్లి మూతి అయింది. రష్యన్ అక్షరమొకటి నోరు వెళ్లబెట్టిన ముఖమైంది. తల్లకిందులు త్రిభుజం పకపకా నవ్వే నోరైంది. జపాన్ అక్షరమాలలో 'నో' అనే అక్షరం ఒక్క ఏటవాలు గీతే, అది ఎత్తిన కుడి చెయ్యి అయింది. పనికోసం తెచ్చిపెట్టిన సామాను పిల్లల చేతికి ఆటకోసం చిక్కితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే!

ఇక్కడో కిటుకుంది. ఒక్క బొమ్మ ఆడదు. మళ్లీ ఓసారి అమ్మ పంపినదాన్ని చూడండి. చెయ్యెత్తి నిలబడి ఉంది, అంతే. పక్కన దాని ఎదురు భంగిమ పెడితే?

┏(^_^)┛ ┗(^_^)┓ ┏(^_^)┛ ┗(^_^)┓

ఇప్పుడు కన్ను ఎడమ నుంచి కుడికి నడుస్తుంటే చేతులు పైకీ కిందికీ ఊగుతాయి. సినిమా రీలు సూత్రమే. కదిలేది బొమ్మ కాదు, మన చూపు. ఇంకో రకం కూడా ఉంది.

(~^_^)~ ~(^_^~)

అల గీతలు రెండూ ఒకే పక్కకు సాగితే నడుం అటు వాలినట్టు, రెండోదాంట్లో ఇటు వాలినట్టు. ఒక చెయ్యి చెంప లోపల, ఇంకోటి బయట. ఇంత తక్కువ సరంజామాతో వయ్యారం తెప్పించడం చిన్న విషయమేం కాదు. మధ్యలో ఒకట్రెండు సంగీతపు గుర్తులు చల్లితే పాట కూడా వచ్చేసినట్టే.

తాళం వేసే ఊరు

తోకుషిమా వెళ్లాలంటే కోబె నుంచి బస్సెక్కడం మేలు. 1998 ఏప్రిల్‌లో తెరిచిన అకాషి కైక్యో వంతెన మీదుగా వెళ్తుంది. మొత్తం పొడవు 3,911 మీటర్లు. రెండు స్తంభాల మధ్య 1,991 మీటర్ల దూరం, కింద ఆధారమేమీ లేదు. 2022లో టర్కీలో ఇంకో వంతెన కట్టేదాకా ప్రపంచంలో అంత పొడుగు వేలాడే వంతెన లేదు. అవాజి దీవి దాటాక నరుతో జలసంధి వస్తుంది. అక్కడ ఆటుపోట్ల వేళ సముద్రంలో సుడులు గిర్రున తిరుగుతుంటాయి. ఆ సుడిని చూసే చేప ముద్దలో గులాబీ రంగు చుట్ట పెట్టి 'నరుతోమాకి' అనే వంటకం చేశారు. ముక్కలు కోసి నూడుల్స్ మీద వేసుకుంటారు. ఫోన్లోని చిన్న బొమ్మల్లో తెల్లటి బిళ్ల మీద గులాబీ చుట్ట ఒకటి కనిపిస్తుంది, ఇదేం మిఠాయో అనుకుంటారు చాలామంది. అది ఈ సముద్రపు సుడే!

విమానంలో దిగితే విమానాశ్రయం పేరే 'తోకుషిమా అవా ఒదోరి విమానాశ్రయం'. ఆట పేరు పెట్టుకున్న విమానాశ్రయం ఇంకెక్కడుంటుంది! బుల్లెట్ రైళ్ల దేశమంటాం గానీ, ఈ తోకుషిమా ప్రిఫెక్చర్‌లో కరెంటు రైలన్నదే లేదు. అన్నీ డీజిల్ బళ్లే.

పండగ రోజుల్లో ఆడే బృందాన్ని 'రెన్' అంటారు. ఊళ్లో వీధివారీగా, ఆఫీసులవారీగా, కాలేజీలవారీగా రెన్‌లున్నాయి. ఏడాది పొడవునా సాధన చేసేవాళ్లు కొందరైతే, 'నివాకా రెన్' పేరుతో అప్పటికప్పుడు ఎవరైనా దూరిపోయే బృందాలూ ఉంటాయి. పరదేశీయులైనా సరే, చీరైనా చొక్కా అయినా సరే. చేతులెత్తి అటొకసారి ఇటొకసారి ఊపడం వస్తే చాలు.

ఆడవాళ్ల ఆట చూడటానికి రెండు కళ్లూ చాలవు. గడ్డితో అల్లిన టోపీని రెండుగా మడిచి, ముందుకు వంచి కట్టుకుంటారు. కళ్లు కనిపించవు. పెదవులూ గడ్డమూ మాత్రమే. కాళ్లకు చెక్క చెప్పులు, వాటి ముందు కొసమీదే నిలబడి చిన్న చిన్న అడుగులు. ఎత్తిన చేతుల్లో వేళ్లు గాలిలో ఏదో రాస్తున్నట్టుంటాయి. మగవాళ్లది దీనికి పూర్తిగా వేరు. మోకాళ్లు వంచి, నేలకు దగ్గరగా, విసనకర్రలు తిప్పుతూ కోతిచేష్టల్లా ఉంటుంది. పాటలోనే ఆడేవాళ్లనీ చూసేవాళ్లనీ కలిపి మూర్ఖులని వెక్కిరిస్తారు. అందుకే దీనికి 'పిచ్చోళ్ల ఆట' అనే ముద్దుపేరు కూడా ఉంది.

నాలుగొందల ఏళ్ల కిందట హచిసుకా వంశపు ప్రభువు కోట కట్టించిన సందర్భంగా జనం తాగి ఆడిన ఆటే ఇదని స్థానికులు చెప్పుకునే కథ. అదెంత నిజమైనా, పాలకులకు మాత్రం దీన్ని చూస్తే భయమే. పదిహేడో శతాబ్దంలో వరసగా ఆంక్షలు పెట్టారు. మూడు రోజులకు మించి ఆడకూడదు. సమురాయ్ యోధులు వీధిలోకి రాకూడదు, కావాలంటే ఇంట్లో తలుపులేసుకుని ఆడుకోవాలి. అర్ధరాత్రి దాటకూడదు. ముఖం కప్పుకోకూడదు. ఇన్ని చెప్పారంటేనే జనం ఇవన్నీ చేస్తున్నారని అర్థం కదా!

లేనివాళ్ల కోసం

ఆగస్టు నడిమధ్యనే ఎందుకీ ఆట? అది 'బోన్' పండగ. మన మహాలయ పక్షం లాంటిది. చనిపోయిన పెద్దలు ఆ నాలుగు రోజులూ ఇంటికొస్తారని నమ్మకం. దీపాలు వెలిగించి పిలుస్తారు, మళ్లీ దీపాలతోనే సాగనంపుతారు. బోన్ అనే మాట సంస్కృతంలోని 'ఉల్లంబన' నుంచి, చైనా మీదుగా వెళ్లిందని సంప్రదాయంగా చెబుతారు. కథ కూడా ఇక్కణ్నుంచి వెళ్లిందే. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు దివ్యదృష్టితో చూస్తే, చనిపోయిన తల్లి ప్రేతలోకంలో ఆకలితో అలమటిస్తోందట. బుద్ధుడు చెప్పినట్టు భిక్షువులకు అన్నదానం చేశాడు. ఆమెకు విముక్తి దొరికింది. ఆ ఆనందం పట్టలేక చేతులెత్తి ఆడాడు. ఆ ఆటే 'బోన్ ఒదోరి' అయిందంటారు.

అందుకే వేసవిలో జపాన్‌లో ఏ మూలకెళ్లినా ఏదో ఒక ఆట ఉంటుంది. చాలాచోట్ల ఊరి మైదానంలో చెక్క మంచె కట్టి, పైన డప్పు పెట్టి, చుట్టూ వలయంగా తిరుగుతారు. గిఫు ప్రాంతంలోని గుజో హచిమాన్ అనే చిన్న పట్టణంలో జులై మధ్యలో మొదలుపెట్టి సెప్టెంబరు దాకా ముప్ఫయి రాత్రులకు పైగా ఆడతారు. బోన్ నాలుగు రాత్రులూ తెల్లవార్లూ! యునెస్కో 2022లో వారసత్వ జాబితాలో చేర్చిన జపాన్ జానపద నాట్యాల్లో అదీ ఉంది. ఇక 'తాంకో బుషి' అనే గని కార్మికుల ఆటలో ప్రతి కదలికకూ అర్థముంది. పార పట్టి తవ్వడం, బస్తా భుజానికెత్తుకోవడం, తలెత్తి చంద్రుణ్ని చూడటం, బండి నెట్టడం. రెండుసార్లు చూస్తే ఎవరికైనా వచ్చేస్తుంది. మాట తెలియకపోయినా చెయ్యి తెలిస్తే చాలు.

పెద్దలే కాదు, పట్నం వెళ్లినవాళ్లు ఇళ్లకొచ్చేదీ బోన్‌కే. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఆ వారం టోక్యో ఖాళీ అవుతుంది. వచ్చేవాళ్లు మాత్రం ఏడాదికేడాది తగ్గుతున్నారు. 1950లో తోకుషిమా ప్రిఫెక్చర్ జనాభా ఎనిమిది లక్షల డెబ్బయి వేలకు పైనే. 2020 లెక్కల్లో ఏడు లక్షల ఇరవై వేల దగ్గరికి పడిపోయింది. ఇదే ప్రిఫెక్చర్ కొండల్లో, ఇయా లోయలో నగోరో అనే పల్లె ఉంది. ఊరొదిలి వెళ్లినవాళ్ల, చనిపోయినవాళ్ల గుర్తుగా ఓ మహిళ నిలువెత్తు గుడ్డబొమ్మలు కుట్టి పెట్టడం మొదలుపెట్టింది. పొలంలో బొమ్మలు, బస్టాపులో బొమ్మలు. పిల్లల్లేక 2012లో మూతపడ్డ బడిలో బెంచీల నిండా బొమ్మలే. ఇప్పుడా ఊళ్లో మనుషుల కంటే బొమ్మలే ఎన్నో రెట్లు ఎక్కువ.

మనిషి లేని చోట మనిషి బొమ్మ. ఎదురుగా లేని కొడుక్కి ఆడే బొమ్మ. తోకుషిమాలో ఈ రెండూ మరీ దూరం చుట్టాలేం కావు.

మాట్లాడకూడని రైలు

ముఖాక్షరాలు ఫోన్లలోకి దూకడానికి రైళ్లు కూడా ఓ కారణమే. జపాన్ రైల్లో ఫోన్ మాట్లాడటం మర్యాద కాదు. ఫోన్ మోగకుండా పెట్టే ఏర్పాటును వాళ్లు 'మ్యానర్ మోడ్' అంటారు. మర్యాద మీటన్నమాట! గంటల తరబడి ప్రయాణం, నోరు మూసుకోవాలి, చేతులు మాత్రం ఖాళీ. ఇంకేం కావాలి?

అంతకుముందే, 1990ల్లో, బడిపిల్లల చేతుల్లో పేజర్లుండేవి. అంకెలు తప్ప అక్షరాలు పోయేవి కావు. అయినా ఊరుకున్నారా? 0840 అంటే 'ఒహాయో', శుభోదయం. 3341 అంటే 'సామిషీ', దిగులుగా ఉందని. అంకెల పేర్లలోని మొదటి శబ్దాలు కలిపి చదువుకోవడమే. ఆ పేజర్ల సేవలు 2019 సెప్టెంబరు 30తో ముగిశాయి. 1999 ఫిబ్రవరిలో డోకోమో కంపెనీ ఫోన్లోనే మెయిల్ పంపుకునే 'ఐ-మోడ్' తెచ్చింది. ఒక్కో కబురుకు రెండొందల యాభై అక్షరాలే హద్దు. మర్యాదగా రాయాలంటే జపాన్ భాషలో క్రియాపదాల తోకలు బారెడు పొడుగుంటాయి. క్లుప్తంగా రాస్తే పెడసరంగా ఉంటుంది. చివర్లో ఓ చిన్న ముఖం చేరిస్తే పెడసరం పోతుంది. మాట పొదుపు, మనసు కష్టపడదు.

వాళ్ల ముఖాల్లో నోరు ఎక్కువగా చిన్న గీతే, మారేవి కళ్లు. నవ్వితే టోపీ గుర్తులు, ఏడిస్తే నిలువు గీతలు, నొప్పైతే (>_<). అమెరికా ముఖాల్లో కళ్లు ఎక్కువగా రెండు చుక్కలే, నోరు మారుతుంది. హొక్కైడో విశ్వవిద్యాలయానికి చెందిన మసాకి యూకీ, ఆయన సహచరులు 2007లో దీనిమీద పరిశోధన ప్రచురించారు. భావాన్ని పసిగట్టడానికి జపనీయులు కళ్లను ఎక్కువగా నమ్ముకుంటే అమెరికన్లు నోటిని నమ్ముకుంటున్నారని తేలింది. మరి కళ్లే కనిపించని అవా ఒదోరి టోపీల సంగతేంటి అంటారా? అక్కడ చేతులున్నాయిగా!

'ఠ' చేసిన ప్రయాణం

ఈ బొమ్మలు సముద్రం దాటాక ఊహించని చుట్టాలు కలిశారు. ప్రపంచ లిపులన్నిటికీ చోటిచ్చే యూనికోడ్ 1991లో వచ్చింది. అందులో తెలుగూ ఉంది, కన్నడమూ ఉంది. కన్నడ 'ఠ'కూ మన 'ఠ'కూ పెద్ద తేడా లేదు, తలకట్టు తీరు తప్ప. గుండ్రంగా ఉంటుంది, మధ్యలో చుక్క. రెండు కన్నడ ఠలు పెట్టి మధ్యలో అడ్డగీత గీస్తే గుడ్లురిమి చూసే ముఖం! కన్నడం ఒక్క ముక్క రాని అమెరికా కుర్రాళ్లు దాన్ని 2000ల్లో ఎడాపెడా వాడేశారు. 'ఇదేం పని?' అన్న చూపుకు అది అంతర్జాతీయ గుర్తయి కూర్చుంది. మన ఠ కూడా వరసలోనే ఉంది, పిలుపు రాలేదంతే. కెనడా మూలవాసుల లిపిలోంచి వంపు తిరిగిన అక్షరాలు తీసుకుని చేతులూపుకుంటూ షికారు పోయే బొమ్మనొకదాన్ని తయారుచేశారు. ఆ భుజాల ఊపు చూస్తే నడకో నాట్యమో చెప్పలేం.

ఇలా ఊళ్లు తిరిగేటప్పుడు చేతులు విరగడం కూడా మామూలే. పంపినవాళ్ల దగ్గరున్న అక్షరం అందుకున్నవాళ్ల దగ్గర లేకపోతే ఆ చోట ప్రశ్నార్థకమో ఖాళీ డబ్బానో కనిపిస్తుంది. తెలుగు ఫాంటు లేని కంప్యూటర్లో ఇంటినుంచొచ్చిన ఈమెయిల్ తెరిచి, డబ్బాలు చూసి ఉసూరుమన్న విదేశాల్లోని తెలుగువాళ్లకు ఈ బాధ కొత్తేం కాదు. జపనీయులు దీనికి 'మోజిబాకె' అని పేరు పెట్టారు. అక్షరం వేషం మార్చుకుందని అర్థం. ఆ మాటనే ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది.

అమ్మల దగ్గర మిగిలింది

ఐ-మోడ్‌తో పాటే నూట డెబ్బయి ఆరు బుల్లి బొమ్మలు వచ్చాయి. పన్నెండు చుక్కల వెడల్పు, పన్నెండు చుక్కల ఎత్తు. వాటినే ఎమోజి అన్నారు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 2016లో వాటిని తన సేకరణలో చేర్చుకుంది. ఎమోజి యూనికోడ్‌లోకి 2010లో వెళ్లినప్పుడు ఓ నర్తకి కూడా వెళ్లింది. చాలా ఫోన్లలో ఆమె ఎర్ర గౌనేసుకున్న స్పెయిన్ సుందరిలా ఉంటుంది. గడ్డి టోపీ లేదు, చెక్క చెప్పులు లేవు. 2016లో మగ జోడీ వచ్చాడు, అతనిది డిస్కో. 2011లో లైన్ అనే యాప్ వచ్చి, ఆ ఏడాదే పెద్ద పెద్ద కార్టూన్ స్టిక్కర్లు తెచ్చింది. ఎలుగుబంటి ఏడుస్తుంది, కుందేలు గంతులేస్తుంది. ఒక్క తాకుతో పని అయిపోతుంది.

ఇప్పుడు జపాన్ కుర్రకారులో చాలామందికి ముఖాక్షరాలు పాత వాసన. బొమ్మలూ ముఖాలూ గుప్పించి రాసే పెద్దవాళ్ల తీరుకు 'ఒజీసాన్ కోబున్' అని పేరు పెట్టి వెక్కిరిస్తారు. అంకుళ్ల రాత అన్నమాట. ఇరవయ్యేళ్ల కిందట ఈ గీతలతో తమ పెద్దవాళ్లను తికమకపెట్టిన పిల్లలే ఇప్పుడా అంకుళ్లు, ఆంటీలు! స్టిక్కర్ ఎవరు పంపినా ఒకేలా ఉంటుంది. అమ్మ టైపు చేసే బొమ్మలో సంగీతపు గుర్తు ఎక్కడ పెట్టాలో, ఎన్ని పెట్టాలో అమ్మ ఇష్టం. ఆ తేడా పోతుందనే దిగులు అంకుళ్లది. దాన్ని ఉత్త చాదస్తమని కొట్టిపారేయలేం.

2020 ఆగస్టులో తోకుషిమా వీధులు బోసిపోయాయి. కరోనా కారణంగా అవా ఒదోరి రద్దయింది. 2022లో మళ్లీ పెద్దఎత్తున వీధుల్లోకి వచ్చింది. పండగ కాని రోజుల్లో వెళ్లినవాళ్లకు బిజాన్ కొండ కింద అవా ఒదోరి కైకాన్ అనే భవనముంది. 1999లో తెరిచారు. అక్కడ రోజూ ఆట ఉంటుంది. చివర్లో చూడవచ్చినవాళ్లందర్నీ లేపి నేర్పిస్తారు. చేతులు దించితే ఒప్పుకోరు.

మళ్లీ రైల్లోకి వద్దాం. కుర్రాడు ఇంకా ఫోన్ వంకే చూస్తున్నాడు. అతని చేతిలోని ఐఫోన్ జపాన్ కీబోర్డులో ఓ మూల ^_^ అనే మీట ఉంది. స్టిక్కర్ల కుందేలు కూడా సిద్ధంగానే ఉంది. అతను ఆ మీటే నొక్కాడు. వరసగా దిగిన ముఖాల్లో అమ్మ పంపిందీ ఉంది, దాని పక్కనే ఎదురు భంగిమదీ ఉంది. దాన్నే పంపాడు.

┗(^_^)┓

స్టేషనొచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి.